స్టాప్‌వాచ్ ఎవరి చేతిలో ఉంది?

రిజర్వేషన్ల మీద చర్చ మొదలైతే చాలు, ఎవరో ఒకరు ఈ ప్రశ్న వేస్తారు: "మరి ఆటల్లో రిజర్వేషన్లు పెడతారా?" వేసినవాళ్లు గెలిచినట్టే నవ్వుతారు. నేను పీహెచ్‌డీ చేస్తున్న తరగతి గదుల్లో, హాస్టల్ మెస్సులో, సెమినార్ హాళ్లలో ఈ ప్రశ్న లెక్కలేనన్ని సార్లు విన్నాను. దానికి జవాబు పుస్తకాల్లో కన్నా యూనివర్సిటీ అథ్లెటిక్స్ ట్రాక్ మీద తేలిగ్గా దొరుకుతుంది. నేను ఆ ట్రాక్ అభిమానిని. క్రికెట్ అభిమానులకు టీవీ ఉంది, గ్యాలరీ ఉంది. మాకు చాలాసార్లు మట్టి గట్టు, చెట్టు నీడ, చేతిలో ఫోను. అయినా చూస్తాం. ఎందుకంటే ప్రతిభను సెకనులో నూరో వంతు దాకా కొలిచే చోటు అది. అక్కడ ఇంటిపేరు అడగరు, ఇంగ్లిష్ అడగరు, ఇంటర్వ్యూ బోర్డు ఉండదు.

కాబట్టి ప్రతిభ గురించే మాట్లాడుకుందాం.

2020 జనవరిలో కర్ణాటకలోని మూడబిదిరెలో అఖిల భారత అంతర్ విశ్వవిద్యాలయ అథ్లెటిక్స్ పోటీలు జరిగాయి. ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం విద్యార్థిని జ్యోతి యర్రాజి 100 మీటర్ల హర్డిల్స్‌ను 13.03 సెకన్లలో పూర్తి చేసింది. అప్పటికి జాతీయ రికార్డు 13.38. అనురాధ బిస్వాల్ పేరు మీద 2002 నుంచి ఉన్న రికార్డు అది. విశాఖపట్నంలో తండ్రి సెక్యూరిటీ గార్డు, తల్లి ఇళ్లలోనూ ఆసుపత్రిలోనూ పాచిపని చేసే మనిషి. ఆ ఇంటి అమ్మాయి పద్దెనిమిదేళ్ల నాటి రికార్డు కన్నా 0.35 సెకను ముందుంది. ప్రతిభ అంటే ఇదే కదా?

కానీ ఆ పరుగు రికార్డుల పుస్తకంలోకి ఎక్కలేదు. కారణం ఆమె కాదు. పోటీల దగ్గర జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ పరీక్ష జరగలేదు, అథ్లెటిక్స్ సమాఖ్య సాంకేతిక ప్రతినిధి లేరు. రికార్డు ఆమె పేరు మీదికి రావడానికి 2022 మే నెల దాకా ఆగాల్సి వచ్చింది. సైప్రస్‌లోని లిమసోల్‌లో 13.23 సెకన్లు. అంటే మూడబిదిరెలో పరిగెత్తిన దానికన్నా నెమ్మదైన పరుగుకు, రెండేళ్ల నాలుగు నెలల తర్వాత, విదేశీ గడ్డ మీద గుర్తింపు.

డోపింగ్ పరీక్ష ఉండాలన్న నియమాన్ని నేను తప్పుపట్టను. నియమం ఉండాల్సిందే. 2022 ఏప్రిల్‌లో కోళికోడ్ ఫెడరేషన్ కప్‌లో జ్యోతి 13.09లో పరిగెత్తినప్పుడు వెనక గాలి సెకనుకు 2.1 మీటర్లు ఉంది. అనుమతి 2.0 దాకానే. రికార్డు ఇవ్వలేదు. అది న్యాయమే, ఎందుకంటే అక్కడ గాలిని కొలిచారు, కొలిచి కాదన్నారు. మూడబిదిరెలో కొలవాల్సిన వాళ్లే లేరు. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది. పరీక్ష రాసి తప్పడం ఒకటి, రాసిన పేపరు దిద్దేవాళ్లే లేకపోవడం ఇంకొకటి. మన పిల్లల జీవితాల్లో రెండోదే ఎక్కువ. దాన్ని కూడా మొదటిదాని ఖాతాలోనే రాసి "ప్రతిభ లేదు" అంటారు.

నియమం తెలిసినవాళ్లు పక్కన ఉంటే ఏం జరుగుతుందో 2023 అక్టోబర్ 1న హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో చూశాం. హర్డిల్స్ ఫైనల్లో తుపాకీ పేలకముందే కదిలింది చైనా క్రీడాకారిణి వూ యాన్ని. అధికారులు పక్కనున్న జ్యోతిని కూడా అనర్హురాలన్నారు. ఆమె ఒప్పుకోలేదు, నిలబడి వాదించింది. భారత జట్టు అధికారులు నిరసన నమోదు చేశారు. ఇద్దరినీ పరిగెత్తనిచ్చారు. తర్వాత వీడియో చూసి వూను తప్పించారు. 12.91లో మూడో స్థానంలో వచ్చిన జ్యోతికి రజతం దక్కింది. కాళ్లు అవే, మనిషి అదే. తేడా ఎక్కడుంది? ఆ రోజు ఆమె వైపున నియమావళి చదివినవాళ్లు ఉన్నారు, ఆమె మాట వినే వ్యవస్థ ఉంది. అదే ఏడాది ఆగస్టులో చెంగ్డు ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడల్లో 12.78తో కాంస్యం, కొత్త జాతీయ రికార్డు. అది కూడా విద్యార్థుల పోటీయే. కాకపోతే అక్కడ అన్నీ కొలిచారు.

స్టాప్‌వాచ్‌కు కులం లేదు, నిజమే. కానీ స్టాప్‌వాచ్ ఏ మైదానంలో ఉంటుంది, ఎవరి చేతిలో ఉంటుంది, ఎవరు రాసింది చెల్లుతుంది అన్నవన్నీ సమాజం నిర్ణయిస్తుంది. మన సమాజం కులం లేకుండా ఏదీ నిర్ణయించదు. పల్వాంకర్ బాలూ 1911లో ఇంగ్లండ్ పర్యటనలో వందకు పైగా వికెట్లు తీశాడు. అయినా చమార్ కులంలో పుట్టినందుకు హిందూ జట్టు కెప్టెన్సీ ఆయనకు ఇవ్వలేదు. స్కోరు బోర్డు ఆయన పక్షానే ఉంది. స్కోరు బోర్డు ఒక్కటే సరిపోలేదు.

ఆడపిల్లలకు ఇంకో కొలత కూడా ఉంది. ఒడిశాలో నేత కుటుంబంలో పుట్టిన ద్యుతి చంద్‌ను శరీరంలో హార్మోన్ ఎక్కువుందని 2014లో పక్కన పెట్టారు. ఆమె అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానం దాకా వెళ్లి 2015లో గెలిచింది. 2019లో నేపుల్స్‌లో ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడల 100 మీటర్లలో 11.32తో స్వర్ణం తెచ్చింది. తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివిన అగసర నందిని హాంగ్‌ఝౌలో హెప్టాథ్లాన్ కాంస్యం గెలిస్తే, నాలుగు పాయింట్ల తేడాతో నాలుగో స్థానంలో నిలిచిన సహచరి ఆమె ఆడతనాన్నే అనుమానిస్తూ పోస్టు పెట్టి, తర్వాత తీసేసింది. రాసిన ఆమె కూడా పేదింటి బిడ్డే. పేదవాళ్లకు దక్కేది ఒకటే పతకమైనప్పుడు వాళ్లను వాళ్లమీదకే ఉసిగొల్పడం వ్యవస్థకు తేలిక. నందిని 2025లో గూమీ ఆసియా ఛాంపియన్‌షిప్‌లో స్వర్ణంతో జవాబిచ్చింది. కానీ ప్రతి అమ్మాయీ పతకంతోనే జవాబివ్వాలా? పతకం రానివాళ్ల గౌరవం సంగతేంటి?

ఇప్పుడు నేనుండే కడోదరాకు వస్తాను. సూరత్ పక్కన జాతీయ రహదారి మీద డైయింగ్ మిల్లులు, సాంచాలు నిండిన ఊరు. సూరత్ చుట్టుపక్కల తెలంగాణ నుంచి తరాల కింద వచ్చిన నేత కుటుంబాలున్నాయి, గంజాం నుంచి వచ్చిన ఒడియా కూలీలున్నారు, యూపీ, బీహార్ వాళ్లున్నారు. సూరత్ నగరపాలిక తెలుగు మాధ్యమ బడులు నడిపేంత మంది మనవాళ్లు ఇక్కడ ఉన్నారు. సాంచాల మీద పన్నెండు గంటల షిఫ్టు మామూలు. ఆ షిఫ్టు మీద బతికే ఇంట్లో పాలు, గుడ్లు, స్పైక్స్ బూట్లు ఏవీ మామూలు కావు. కూలీ పిల్లలు కాలేజీ దాకా వెళ్లడమే కష్టం. వెళ్లినవాళ్లకు ట్రాక్ అనేది చదువుతో పాటు ఇంకో తలుపు. పోలీసు, రైల్వే, సైన్యం ఉద్యోగాలకు దారి తీసే తలుపు.

పక్కనే డాంగ్ జిల్లా ఉంది, ఆదివాసీ ప్రాంతం. కరాడి ఆంబా అనే పల్లె నుంచి వచ్చిన సరితా గాయక్వాడ్ 2018 జకార్తా ఆసియా క్రీడల్లో 4×400 రిలే స్వర్ణం గెలిచిన జట్టులో పరిగెత్తింది. ఆ జిల్లావాడే మురళీ గావిత్ 2019 దోహా ఆసియా ఛాంపియన్‌షిప్‌లో 10,000 మీటర్ల కాంస్యం తెచ్చాడు. 2030 కామన్వెల్త్ క్రీడలు అహ్మదాబాద్‌కు వచ్చాయి. స్టేడియాలకు డబ్బు పారుతుంది. ఆ ఏడాదికి ఇరవై ఏళ్లు నిండే పిల్లలు ఇవాళ బడిలో ఉన్నారు, కొందరు సాంచాల దగ్గర బాబిన్లు అందిస్తున్నారు. స్టేడియం కట్టేవాళ్లలో మనం ఉంటాం, ఊడ్చేవాళ్లలో ఉంటాం. లోపల లేన్లలో ఉంటామా?

అభిమానిగా నా కోరికలు పెద్దవేం కావు. అంతర్ విశ్వవిద్యాలయ పోటీ ఏదైనా ఎలక్ట్రానిక్ టైమింగ్, గాలి కొలిచే పరికరం, సమాఖ్య ప్రతినిధి, డోపింగ్ పరీక్ష లేకుండా జరగకూడదు. చేతి గడియారంతో తీసిన 100 మీటర్ల సమయానికి 0.24 సెకను కలిపి లెక్కేస్తారు. ఒక పిల్లవాడి ఉద్యోగం ఆ 0.24లో కొట్టుకుపోవచ్చు. ప్రతి విద్యార్థి దగ్గరా వసూలు చేసే స్పోర్ట్స్ ఫీజు ఎక్కడ ఖర్చయిందో కాలేజీ నోటీసు బోర్డు మీద పెట్టాలి. పోటీకి వెళ్లే పిల్లలకు ప్రయాణం, తిండి ఖర్చు ముందే ఇవ్వాలి. "ముందు మీరు పెట్టుకోండి, బిల్లు తెస్తే ఇస్తాం" అన్న పద్ధతి చేతిలో డబ్బున్న కులాల కోసం పుట్టింది. స్కాలర్‌షిప్ ఆలస్యమై మెస్ బకాయి పడ్డ ప్రతి పరిశోధక విద్యార్థికీ ఇది తెలుసు. జట్టు ఎంపిక సమయాలు అందరికీ కనబడేలా పెట్టాలి, ఎస్సీ ఎస్టీ సెల్ ప్రతినిధి ఎంపిక దగ్గర ఉండాలి. ఆడపిల్లలు ఫిర్యాదు చేసే కమిటీ పేరు, నంబరు మైదానంలోనే రాసి ఉండాలి.

మనం చేయాల్సిందీ ఉంది. చప్పట్లు చాలవు. పీహెచ్‌డీలు చేస్తున్నవాళ్లం, నియమాలు చదవడం మన పని. సమాచార హక్కు దరఖాస్తు రాయడం మనకు వచ్చు. మన ఊరి పిల్ల పరిగెడుతుంటే పక్కన నియమావళి పట్టుకుని నిలబడటం కూడా మనకు రావాలి. "బోధించు, సమీకరించు, పోరాడు" అన్నది ట్రాక్ పక్కన కూడా పనికొస్తుంది.

ఇక ఆ పాత ప్రశ్నకు జవాబు. ఆటల్లో రిజర్వేషన్ అడగడం లేదు. 13.03ను 13.03గా రాయమని అడుగుతున్నాం. అంత చిన్న పని కూడా చేయలేని వ్యవస్థకు మన ప్రతిభను ప్రశ్నించే హక్కు లేదు.

జై భీమ్.