నూరు మీటర్ల పేట, మూడొందల మీటర్ల ఊరు

పర్యావరణం అనే మాట పేటకి ఆలస్యంగా వచ్చింది. వచ్చీ రాగానే మనల్నే తప్పు పట్టింది. మీరు కాలువ గట్టు మీద గుడిసెలేశారు, మడచెట్లు నరికి పొయ్యిలో పెట్టారు, మీకు శుభ్రం తెలీదు అంది. గట్టు మీద కాపురం ఎవరైనా సరదాకి పెడతారా? సెంటు భూమి లేనోడికి ఈ డెల్టాలో మిగిలింది గట్టే. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. నీళ్లొచ్చిన భూములు ఎవరి చేతుల్లో పడ్డాయో, ఆ భూముల్లో పాలేర్లు ఎవరయ్యారో మనకి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు.

అందుకే మన కార్యకర్తల్లో కొందరు అంటుంటారు: ఇది కడుపు నిండినోళ్ల గొడవ, కొంగల్ని లెక్కపెట్టుకునేవాళ్ల గొడవ, మనకి భూమి, కూలి, ఆత్మగౌరవం చాలు అని. మేము ఒప్పుకోం. మన ఉద్యమం నీళ్ల దగ్గరే పుట్టింది.

1927 మార్చి 20న మహద్‌లో బాబాసాహెబ్ చౌదార్ చెరువు నీళ్లు తాగారు. తర్వాత సవర్ణులు ఏం చేశారు? ఆవు పేడ, పంచితం కుండల కొద్దీ చెరువులో పోసి 'శుద్ధి' చేశారు. గొడ్డు దిగితే మైలపడని నీళ్లు మనిషి తాగితే మైలపడ్డాయట! కారంచేడులో ఏమైంది? 1985 జులై 16న మాదిగపల్లె మంచినీళ్ల చెరువులో గొడ్ల మురికి కలుపుతుంటే వద్దన్నారు. కొట్టబోతే మున్నంగి సువార్త బిందె ఎత్తింది. మర్నాడు ఊరు మీద పడి ఆరుగుర్ని చంపారు. ఆ చెరువు దగ్గర మనవాళ్లు అడిగింది ఒక్కటే: మేం తాగే నీళ్లు పాడు చెయ్యొద్దు. ఇప్పుడు సెమినార్లలో కాలుష్య నివారణ అని పెద్ద పేరు పెట్టి మాట్లాడుతున్నది ఇదే కదా! సువార్త ఫొటో ఏ పర్యావరణ క్యాలెండర్లోనూ మేము చూడలేదు.

శుచి వేరు, శుభ్రం వేరు. ఈ దేశంలో శుచి పుట్టుకతో వస్తుంది. శుభ్రం చీపురుతో వస్తుంది. చచ్చిన గొడ్డును ఊళ్లోంచి లాగేసినోడు, తోలు శుద్ధి చేసి చెప్పు కుట్టినోడు, దొడ్లు ఎత్తినోడు అంటరానోడయ్యాడు. మురికి చేసినోడు పెద్దమనిషి అయ్యాడు. పాకీ పని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం చేశారు, 2013లో ఇంకోటి చేశారు. మొదటిది పనిచేసి ఉంటే రెండోదెందుకు? కులవ్యవస్థ అంటే ప్రకృతి వనరుల్ని తలా కాస్త పంచుకునే ఏర్పాటు అని రాసిన పండితులు కూడా ఉన్నారు. పంచిందెవరో, ఆ పంపకంలో మన వాటాకి చచ్చిన గొడ్డే ఎందుకొచ్చిందో కూడా రాసి ఉంటే బాగుండేది. బడిలో జూన్ 5న పిల్లల చేత మొక్కలు నాటిస్తాం, ర్యాలీ చేయిస్తాం. నాటిన మొక్కకి నీళ్లు ఎక్కడివి అని పేట పిల్ల అడిగితే పంతుళ్ల దగ్గర జవాబుండదు.

మన నరసాపురం సంగతికొద్దాం. వశిష్ట గోదావరి చివర ఉన్నాం, కాలువలకి శివారులో ఉన్నాం. పై ఊళ్లు కడుక్కున్న నీళ్లే మన లాకు దాకా వస్తాయి. ఎండాకాలం కాలువలు కట్టేస్తే మంచినీళ్ల చెరువే దిక్కు. అలాంటి చోట వరి చేలు ఒక్కొక్కటే తవ్వి రొయ్యల చెరువులు చేశారు. ఉప్పునీళ్లు పెట్టిన చెరువు పక్కన చేతిపంపు ఉప్పెక్కుతుంది. పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు. రోజు కూలిలో కొంత తీసి నీళ్ల టిన్ను కొనుక్కోవాలి.

పోయింది నీళ్లొకటే కాదు. చేను ఉన్నప్పుడు ఊడ్పులు, కలుపు, కోత, నూర్పు ఉండేవి. గట్టు మీద గడ్డి మేకకొచ్చేది, బోదెలో మట్టగిడస కూరకొచ్చేది. కోతలయ్యాక ముసలమ్మలు పరిగె ఏరుకునేవాళ్లు. ఇప్పుడు చెరువుకి మేత వేసేవాడొకడు, కాపలాకి ఒకడు. నిన్నటిదాకా మనం నడిచిన గట్టు ఎక్కితే 'ఎవడ్రా దొంగ' అని టార్చిలైటు వేస్తారు.

రొయ్యల ఫ్యాక్టరీలో తల తీసే పనికి మన ఆడవాళ్లే పోతున్నారు. ఐసు నీళ్లలో చేతులు పాడైనా ఆ కూలితోనే పిల్లల్ని చదివిస్తున్నారు. కాబట్టి మూసేయండి అని మేము ఊరికే కేకెయ్యం. 1996 డిసెంబరు 11న జగన్నాథ్ కేసులో సుప్రీంకోర్టు తీరంలో నిషేధించిన చోట ఉన్న రొయ్యల చెరువులు తీసెయ్యమంది. పంట భూముల్ని రొయ్యల చెరువులు చెయ్యొద్దంది. పని పోయే కూలీలకి నష్టపరిహారంతో పాటు ఆరేళ్ల జీతం ఇవ్వాలంది. ఈ చివరి ముక్క మనలో ఎంతమంది విన్నాం? తీర్పు అమలుకాలేదు. 2005లో పార్లమెంటు తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసి, 1991 నుంచే అనుమతి ఉన్నట్టు రాసేసుకుంది.

ఆ చట్టం వచ్చినప్పుడు పెట్టిన మార్గదర్శకాలు చూడండి. 500 జనాభా దాటిన ఊరికి రొయ్యల చెరువు 300 మీటర్ల దూరంలో ఉండాలి. 500 లోపు ఉన్న పల్లెకి 100 మీటర్లు చాలు. మంచినీటి వనరుకి 100 మీటర్లు. కాగితంలో కులం పేరు లేదు. కానీ ఈ డెల్టాలో కొద్దిమంది జనం ఊరికి ఎడంగా బతికే చోటేది? పేటే కదా. ముందు మనల్ని ఊరికి దూరం చేశారు, ఆ తర్వాత మన దగ్గరికి ఉప్పు తెచ్చారు.

2017 మార్చి 30న పక్కనే మొగల్తూరు మండలంలో రొయ్యల ఫ్యాక్టరీ మురుగు ట్యాంకులో దిగి విషవాయువుకి ఐదుగురు కూలీలు చనిపోయారు. మురికిలోకి దిగమంటే దిగేది ఎప్పుడూ కూలోడే.

ఆ రోజుల్లోనే తుందుర్రు, జొన్నలగరువు, బేతపూడి జనం ఆక్వా ఫుడ్ పార్కు వద్దని కొట్లాడితే 144 సెక్షన్ పెట్టారు, కేసులు పెట్టారు. రైతులు, జాలర్లు, కూలీలు కలిసి నిలబడ్డారు. మంచిదే, రేపు కూడా కలుద్దాం. కానీ అదే 2017లో ఇదే జిల్లా గరగపర్రులో అంబేద్కర్ విగ్రహం పెట్టుకున్నందుకు దళితుల్ని వెలివేశారు. టెంటు కింద మన పక్కన కూర్చున్న రైతు రేపు ఊళ్లో మనల్ని పనిలోకి పిలుస్తాడా, వెలేస్తే ఎటువైపు ఉంటాడు అని అడిగే కూర్చోవాలి.

మన చేతిలో ఒక ఆయుధం ఉంది, వాడటం లేదు. కాలుష్య నియంత్రణ మండలికి అర్జీలు పెట్టి పెట్టి విసిగిపోతున్నాం. 1989 అట్రాసిటీ నిరోధక చట్టం సెక్షన్ 3 తీసి చదవండి. ఎస్సీ, ఎస్టీలు మామూలుగా వాడుకునే చెరువు, ఊట, ఇంకే నీటి వనరునైనా సరే, వాడకానికి పనికిరాకుండా పాడుచేస్తే నేరం అని అందులో ఉంది. 2015 సవరణ తర్వాత కూడా ఉంది. ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా శిక్ష. మన కార్యకర్తలు తిట్టినందుకు, కొట్టినందుకు కేసు రాయిస్తున్నారు. నీళ్లకి రాయించడం లేదు.

కాలువలు కట్టేసే లోపు ప్రతి పేటలో ఈ పని జరగాలి. టేపు పట్టుకుని పేట చివరి ఇంటి నుంచి, మంచినీళ్ల చెరువు నుంచి రొయ్యల చెరువు గట్టు దాకా కొలవండి. ఆ చెరువుకి అనుమతి ఉందా, ఇప్పుడు అమల్లో ఉన్న దూరమెంత అని మత్స్యశాఖ ఆఫీసులో సమాచార హక్కు కింద అడగండి. చెరువు నీళ్లు పరీక్ష చేయించమని పంచాయతీకి రాతలో ఇవ్వండి. నీళ్లు పాడయ్యాయని తేలితే స్టేషన్‌కి ఒక్కరు వెళ్లొద్దు, ఆడవాళ్లు ముందు నడిచి పేటంతా కలిసి వెళ్లండి. ఫిర్యాదు తీసుకున్నట్టు సంతకం, ముద్ర వేయించుకుని ఒక నకలు మాకు పంపండి.