ఫీజు లేని లాయరు సరే, పోయే కూలి మాటేమిటి?

పనిచేసే చోట అవమానపడిన స్త్రీకి మనం చెప్పే మొదటి మాట ‘ధైర్యంగా ఫిర్యాదు చెయ్యి’. సభల్లో, వ్యాసాల్లో, క్లాసురూముల్లో ఇదే మాట. చీమకుర్తి గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో ఊడ్చే ఆమెకి గానీ, అక్కడే ఆఫీసులో లెక్కలు రాసే అమ్మాయికి గానీ ఈ సలహా ఖరీదెంతో మనమెప్పుడైనా లెక్క వేశామా?

చట్టం ఉదారంగానే ఉంది. 1987 నాటి న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ కింద స్త్రీలకి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం అందాలి. కోర్టులో వాదించడమే కాదు, సలహా ఇవ్వడమూ ఆ సేవలో భాగమే. కానీ జిల్లా సంస్థ ఉన్నది సుమారు 20 కిలోమీటర్ల దూరంలో, ఒంగోలులో. వెళితే ఆ రోజు కూలి పోతుంది. నిన్నెందుకు రాలేదని మేస్త్రీ అడిగితే చెప్పడానికో అబద్ధం కావాలి. పోనీ, ఒక్కసారి వెళితే తెమిలే పనా?

వెళ్ళినా ఏమని ఫిర్యాదు చెయ్యాలి? భన్వరీదేవి పోరాటం 1997లో విశాఖ తీర్పుకి, ఆ తీర్పు 2013 చట్టానికి దారితీశాయి. పదిమందీ అంతకుమించీ పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి. అంతకన్నా తక్కువమంది ఉన్నా, ఫిర్యాదు యజమాని మీదే అయినా, జిల్లా స్థానిక కమిటీ వినాలి. అయితే ఇవి వినేది లైంగిక వేధింపుల గురించే. అందరి ముందూ తిట్టడం, కావాలని మొయ్యలేనంత పని అప్పజెప్పడం, మనిషిని మాటల్తో నలిపెయ్యడం – ఈ నిత్యావమానాన్ని ప్రత్యేకంగా పట్టించుకునే చట్టం మనకి లేదు.

నేను పిహెచ్‌డి తర్వాత ఒక కాలేజీలో కాంట్రాక్టు మీద పనిచేశాను. శాఖాధిపతి ఏడాదిపాటు స్టాఫ్ రూములో నా పాఠాన్నీ నా యాసనీ వెక్కిరించాడు. కమిటీలో ఉన్న మేడమ్ ‘ఇది మా పరిధిలోకి రాదమ్మా’ అంది. ఆవిడ చెప్పింది నిజమే. నా అభ్యంతరం ఆ పరిధి మీదే. అర్జీ రాయడం వచ్చిన నాకే ఆ జవాబు వస్తే, చీపురు పట్టిన ఆమెకి ఏం జవాబు వస్తుంది?

స్త్రీల ‘నిశ్శబ్దం’ మీద మనం సెమినార్ పత్రాలు బోలెడు రాశాం. ఆ నిశ్శబ్దం పిరికితనం కాదు, సంస్కృతీ కాదు. పిల్లల ఫీజూ, ఇంటద్దే, రేపటి పనీ కలిపి ఆమె వేసుకున్న లెక్క అది.

కాబట్టి అడగాల్సింది ఆమెని కాదు, వ్యవస్థని. న్యాయసలహా చీమకుర్తికే, షిఫ్టు దిగే వేళకే రావాలి. కమిటీ ఉత్తర్వు అందరికీ కనబడేలా పెట్టాలని 2013 చట్టమే చెబుతోంది. అది తెలుగులో, ఆమె చదవగలిగే చోట ఉండాలి. లైంగికం కాని వేధింపుకీ చట్టంలో చోటుండాలి. కమిటీల్లో బయటి సభ్యులుగా కూర్చునే మనలాంటివాళ్ళు ఈ మాట మినిట్స్‌లో రాయించాలి. అంతవరకూ ఆమెకి ధైర్యం గురించి పాఠాలు చెప్పే హక్కు మనకి లేదు.