వైరాగ్యం పేరిట బాధ్యతా విస్మరణ

ప్రవచనశాలలో మృత్యువును గూర్చి గంటల తరబడి శ్రద్ధగా వినేవారు, ఇంటికి వచ్చాక భార్య "ఏమండీ, ఆ పొలం కాగితాలు ఎక్కడ ఉంచారు?" అని అడిగితే "అవేం మాటలు, శుభమా అని సంధ్యవేళ!" అని కసురుకుంటారు. దేహం నీటిబుడగ అని తల ఊపినవారికి, ఆ బుడగ పేరిట ఉన్న బ్యాంకు ఖాతాలో నామినీ పేరు వ్రాయడానికి చేయి రాదు. ఈ వైపరీత్యానికి కొందరు సంప్రదాయమని పేరు పెట్టారు. సత్సంగాలలో తిరిగే మరికొందరు వైరాగ్యమని పేరు పెట్టారు. సంప్రదాయం ఇలా చెప్పలేదు. వైరాగ్యం ఇలా ఉండదు.

ముందుగా అమంగళవాదాన్ని పరిశీలిద్దాం. తన తదనంతరం జరగవలసినదాన్ని వ్రాసిపెడితే ఆయుఃక్షీణమని వీరి భయం. శ్రుతి దృష్టి ఇందుకు పూర్తిగా భిన్నమైనది. తనకు ప్రయాణకాలం ఆసన్నమైనదని తలచిన తండ్రి కుమారుని పిలిచి, తన అధ్యయనాన్ని, తన యజ్ఞాన్ని, తాను సాధించవలసిన లోకాన్ని అతనికి అప్పగించే కర్మను బృహదారణ్యకోపనిషత్తు ప్రథమాధ్యాయంలో 'సంప్రత్తి' అన్న పేరుతో వర్ణించింది. తండ్రి చేయక మిగిల్చినదేదైనా ఉంటే దాని నుండి కుమారుడే అతనిని విడిపిస్తాడని కూడా అక్కడే చెప్పింది. మిగిలినదేమిటో తెలియని కుమారుడు దేని నుండి విడిపించగలడు?

కౌషీతకి ఉపనిషత్తు మరింత వివరంగా ఉన్నది. ఇంటిని నూతన తృణాలతో పరిచి, అగ్నిని నిలిపి, ఉదకపాత్రను ఉంచి, నూతన వస్త్రం కప్పుకొని పడుకున్న తండ్రి తన వాక్కును, ప్రాణాన్ని, చక్షువును, శ్రోత్రాన్ని, కర్మలను, సుఖదుఃఖాలను, బుద్ధిని ఒక్కొక్కటిగా పేరు పెట్టి కుమారునిలో ఉంచుతాడు. కుమారుడు ఒక్కొక్కటిగా స్వీకరిస్తాడు. ఆ క్రమబద్ధతను గమనించండి. 'అంతా నీదేరా నాయనా' అని ఒక్కమాటతో ముగించలేదు. ఇంకొక విశేషం: ఆ తండ్రికి వ్యాధి నయమైతే ఏమి చేయాలో కూడా ఆ ఉపనిషత్తే చెప్పింది. కుమారుని అధీనంలో నివసించాలి, లేదా పరివ్రాజకుడై వెళ్ళాలి. అంటే అప్పగింత జరిగిన తరువాత కూడా మనిషి బ్రతకవచ్చునని ఋషికి తెలుసు. వీలునామా వ్రాస్తే మరునాడే పాడె కట్టవలసి వస్తుందని భయపడే మన వేదాంతికి ఆపాటి ధైర్యం కూడా లేకపోయింది.

ఇక వైరాగ్యవాదం. "ఇదంతా మిథ్య, నేను పోయాక ఎవరేమైతే నాకేమి" అనడం వినడానికి గంభీరంగా ఉంటుంది. మిథ్య అంటే వ్యవహారంలో లేనిదని అర్థం కాదు. పరమార్థంలో నిలవనిదని అర్థం. అద్వైతి వ్యావహారిక సత్తను కాదనలేదు. బ్యాంకు మేనేజరు, తహసీల్దారు, సబ్ రిజిస్ట్రారు ముగ్గురూ ఆ వ్యావహారిక సత్తలోనే కూర్చుని ఉంటారు. అక్కడికి వెళ్ళి నిలబడవలసినది ఈ వేదాంతి కాదు, అతని విధవ. గృహాన్ని విడిచి వెళ్ళదలచిన యాజ్ఞవల్క్యుడు ఏమి చేశాడు? మైత్రేయిని పిలిచి, ఆమెకూ కాత్యాయనికీ మధ్య ఆస్తి విభాగం చేసి వెళతానని ముందుగా చెప్పాడు. అమృతత్వాన్ని గూర్చిన ఆ మహాసంవాదమంతా ఆ విభాగప్రస్తావన నుండే పుట్టింది. మైత్రేయి ప్రశ్నను తన్మయత్వంతో వ్యాఖ్యానించే మనం, కాత్యాయని వాటాను మరచిపోయాం. ఆమె బ్రహ్మవాదిని కాదు కాబట్టి ఆమెను నిరాధారంగా విడిచివెళ్ళవచ్చునని యాజ్ఞవల్క్యుడు అనుకోలేదు.

త్యాగమంటే అప్పగించి వెళ్ళడం. అప్పగించకుండా వెళ్ళడానికి మరొక పేరున్నది, అది అంత గౌరవప్రదమైనది కాదు.

ఈ కపటవైరాగ్యపు ఫలితం ఎలా ఉంటుందో అపరకర్మలు జరిగిన ఏ ఇంటినైనా చూడండి. గరుడపురాణం వినవలసిన పది దినాలలో కుమారులు తాళంచెవుల కోసం బీరువాలు, ట్రంకుపెట్టెలు వెదుకుతుంటారు. సపిండీకరణం ముగిసి, పదమూడవనాడు శుభస్వీకారం కాకముందే "నాన్నగారు నాకు చెప్పారు" అన్న వాక్యం ఇద్దరు ముగ్గురి నోట వేర్వేరు అర్థాలతో వినవస్తుంది. ఎవరో తొందరపడి మృతుని ఫోను కనెక్షన్ తీయించివేస్తారు; ఖాతాలకు, బీమాకు, ఆధార్‌కు ముడిపడిన ఓటీపీలన్నీ ఆ సంఖ్యకే వస్తాయని తరువాత తెలుస్తుంది. కొన్నిచోట్ల వీలునామా ఉంటుంది, కాని అది బ్యాంకు లాకరులో ఉంటుంది. ఆ లాకరును ఎవరు తెరవాలో ఆ వీలునామాలోనే వ్రాసి ఉంటుంది! పదేళ్ళపాటు ఎవరూ కదపని డిపాజిట్లు రిజర్వు బ్యాంకు నిర్వహించే నిధికి చేరుతాయి. వారసులు తరువాత కూడా అడిగి పొందవచ్చు, వెదకడానికి 2023లో 'ఉద్గమ్' అన్న పోర్టల్ కూడా వచ్చింది. అయితే ఉన్నదని తెలిసినవాడే కదా వెదుకుతాడు.

ఆస్తి పోవడం కన్నా భక్తునికి భయంకరమైన విషయం మరొకటి ఉన్నది. మనువు చెప్పిన అష్టాదశ వ్యవహారపదాలలో మొదటిది ఋణాదానం, రెండవది నిక్షేపం. మన దగ్గర ఇతరుల సొమ్ము ఉండడమే ఈ రెంటికీ మూలం. ఊళ్ళలోను, కాలనీలలోను ఆలయ జీర్ణోద్ధరణకు వసూలైన చందాలు, కమిటీ పేరిట ఖాతా తెరిచేలోగా, అందరూ నమ్మే ఒక పెద్దమనిషి సొంత ఖాతాలో చేరుతాయి. ఉత్సవమూర్తి ఆభరణాలు ఒకరి ఇంటి బీరువాలో భద్రంగా ఉంటాయి. ఆ పెద్దమనిషి నిష్కళంకుడే. ఒక రాత్రి గుండె ఆగిపోతుంది. మరునాటి నుండి ఆ ధనం, ఆ నగలు కాగితం దృష్టిలో అతని సొంత ఆస్తి; వారసులకు ఆ సంగతే తెలియదు, తెలిసినవారు రుజువు చూపలేరు. జీవితాంతం దైవసేవ చేసినవాడు దేవస్వాపహరణ దోషాన్ని, తాను తలపెట్టకుండానే, తన సంతానానికి అంటగట్టి వెళ్ళాడు. ఒక్క కాగితం మీద నాలుగు పంక్తులు వ్రాసి, ఇద్దరి చేత సంతకం చేయిస్తే జరగని పాపమిది.

ఈ విషయంలో భరతుడు మనకు ఆదర్శం. పదునాలుగేళ్ళు రాజ్యాన్ని న్యాసంగా భావించి నందిగ్రామంలో ఉన్నవాడు, అన్నగారు తిరిగి రాగానే కన్నీళ్ళతో పాదాలమీద పడి ఊరుకోలేదు. ధనాగారం, ధాన్యాగారం, సైన్యం అన్నీ చూసుకోమని, అవి పదింతలు అయ్యాయని లెక్క ఒప్పగించాడు. భక్తి పరాకాష్ఠకు చేరినచోట లెక్క కూడా ఉన్నది.

ఋణం సంగతీ ఇంతే. పితృఋణాన్ని కుమారుడు తీర్చాలన్నది ధర్మశాస్త్రం. కేవలం ఆ ధర్మాన్ని ఆధారం చేసుకొని కుమారునిపై దావాకు రావడాన్ని, 2005 సవరణ తరువాత చేసిన అప్పుల విషయంలో, న్యాయస్థానాలు అంగీకరించవు. అంటే ఇప్పుడది పూర్తిగా కుమారుని అంతరాత్మకు వదిలిన విషయం. చేబదులు ఇచ్చిన మిత్రుడు ప్రామిసరీ నోటు కూడా వ్రాయించుకోలేదు, తండ్రి ఎవరికీ చెప్పలేదు. ఆ ఋణం ఎవరు తీరుస్తారు? జన్మాంతరానికి వాయిదా వేయడం మనకు అలవాటైపోయింది.

ప్రతిపక్షంలో ఒక్క వాదానికి మాత్రం బలమున్నది. "అన్నీ చెప్పేస్తే పిల్లలు ఇక చూడరు." ఇది భయమే గాని అబద్ధం కాదు, అలా మోసపోయిన వృద్ధులు ప్రతి ఊరిలోనూ ఉన్నారు. కాని వారిలో ఎక్కువమంది మోసపోయినది వీలునామా వల్ల కాదు, తొందరపడి చేసిన దానపత్రం వల్ల. దానపత్రం రిజిస్టరైతే హక్కు అప్పుడే చేతులు మారుతుంది. తిరిగి పొందాలంటే 2007 నాటి వృద్ధుల సంరక్షణ చట్టాన్ని ఆశ్రయించి పోరాడాలి. వీలునామా అలా కాదు. అది వ్రాసినవాని మరణం వరకు నిద్రాణమై ఉంటుంది; ఎన్నిసార్లయినా మార్చవచ్చు, రద్దు చేయవచ్చు, చివరిదే చెల్లుతుంది. దానికి స్టాంపు కాగితం అక్కరలేదు. వ్రాసినవాని సంతకం, దానికి సాక్షులుగా ఇద్దరి సంతకాలు కావాలి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయిస్తే వివాదాలకు కొంత అడ్డుకట్ట. సాక్షులు లబ్ధిదారులు కాకపోవడం మేలు. దాన్ని అమలుపరచేందుకు ఎగ్జిక్యూటరుగా ఒకరిని నియమించవచ్చు. వయసులో మనకన్నా చిన్నవాడు, అన్నదమ్ములందరితో మాటలున్నవాడు అయితే మంచిది, ముందుగా అతని అంగీకారం తీసుకోవడం మర్యాద.

నామినీ పేరు వ్రాశాను కదా అని నిశ్చింతగా ఉండేవారికి ఒక మాట. నామినీ అంటే సాధారణంగా సొమ్ము స్వీకరించే వ్యక్తియే, స్వంతదారు కాడు. కంపెనీ వాటాల విషయంలో 2023 డిసెంబరులో సుప్రీంకోర్టు ఈ సంగతినే స్పష్టం చేసింది. జీవితబీమాలో మాత్రం 2015 తరువాత జీవిత భాగస్వామి, తల్లిదండ్రులు, సంతానం నామినీలైతే స్థితి వేరు. వీలునామాయే లేకపోతే 1956 నాటి హిందూ వారసత్వ చట్టం తన దారిన తాను పంచుతుంది: పురుషుని స్వార్జితం తల్లికి, భార్యకు, కుమారులకు, కుమార్తెలకు సమానంగా. సంపాదన లేని కుమార్తెకో, మనోవైకల్యం గల కుమారునికో ఎక్కువ ఆధారం కావాలని చట్టానికి తెలియదు. అది తండ్రికే తెలుసు, తండ్రి మౌనంగా ఉన్నాడు.

సొమ్ము ఎంతో చెప్పడం ఇష్టం లేకపోతే చెప్పవద్దు. ఏ కాగితం ఎక్కడున్నదో చెబితే చాలు. ఒక నోటుపుస్తకం, ఒక సంచి. ఖాతాలు, బీమా, పింఛను పత్రాలు, పట్టాదారు పాసుపుస్తకం, దస్తావేజులు, లాకరు, ఇవ్వవలసినవి, రావలసినవి. రహస్యపదాలను వీలునామాలో వ్రాయకండి. వేరే కవరులో అంటించి ఉంచండి. విరాసత్ చేయించడానికి తిరగవలసినవారికి ఆ సంచి ఎన్ని నెలల శ్రమను తగ్గిస్తుందో తిరిగినవారికే తెలుసు. అంత్యేష్టిని గూర్చి, నేత్రదానాన్ని గూర్చి మీ కోరికలు ఆ వీలునామాలో దాచవద్దు. దాన్ని తెరిచేది పదమూడు రోజుల తరువాత, నేత్రాలను గ్రహించవలసినది ఆరు గంటలలోపు.

చివరగా ఏ చట్టమూ అడగని ఒక పంక్తి ఆ నోటుపుస్తకంలో ఉండాలి. దేవతార్చనలో ఉన్న సాలగ్రామం ఎవరి ఇంటికి వెళ్ళాలి, నిత్యం అభిషేకం చేయగలిగినవారు ఎవరు, ఎవరూ లేకపోతే ఏ ఆలయంలో సమర్పించాలి. పెద్దకొడుకు అమెరికాలో ఉండి, చిన్నకొడుకు నెలలో ఇరవై రోజులు ప్రయాణాలలో ఉంటే, ఆ ప్రశ్న ఇప్పుడే వారిని కూర్చోబెట్టి అడగాలి.