తీసిన ఫొటో, దిగిన ఫొటో

ఈసారి వ్యాకరణ పాఠం కాదు, ఒక గొడవ. కానీ గొడవ మొదలయ్యేది వ్యాకరణం దగ్గరే, కాబట్టి నాతోపాటు తెలుగు నేర్చుకుంటున్నవాళ్ళు కొంచెం ఓపిక పట్టండి.

తెలుగులో ఫొటోకి రెండు క్రియలు ఉన్నాయి. కెమెరా పట్టుకున్నవాళ్ళు ఫొటో తీస్తారు. కెమెరా ముందు నిలబడినవాళ్ళు ఫొటో దిగుతారు. "మేం గుడి ముందు ఫొటో దిగాం" అంటే ఎవరో మమ్మల్ని తీశారని మాత్రమే కాదు. మేం నిలబడ్డాం, ఒప్పుకున్నాం, ఆ పనిలో మా వంతు మేం చేశాం అని కూడా. మా మారిషస్‌లో క్రియోల్ మాట్లాడేటప్పుడు "తిర్ ఫొటో" అంటాం. "తిర్" అంటే లాగడం, తీయడం. ఆ మాటతో పెరిగినదాన్ని కాబట్టి "దిగడం" అనే మాట నాకు చాలా ఆలస్యంగా దొరికింది. దొరికాక కూడా దాని అర్థం పుస్తకంలో కాదు, పూరీ సముద్రం ఒడ్డున తెలిసింది.

పోయిన సంవత్సరం ఫిబ్రవరిలో సింహాచలం వెళ్ళాను. మారిషస్ తెలుగువాళ్ళు చాలామంది సింహాద్రి అప్పన్నను కొలుస్తారు. మా అమ్మమ్మ మొక్కు ఒకటి బాకీ ఉండేది, అది తీర్చాను. తరవాత నాలుగు రోజులు సెలవులాగా గడపాలని విశాఖపట్నంలో రైలెక్కి పూరీ వెళ్ళాను. గుడి చూశాను, కోణార్క చూశాను. మూడోరోజు పొద్దున్న చీకటి ఉండగానే కెమెరా తీసుకుని బీచ్ వెంట ఈశాన్యం వైపు నడిచాను. హోటళ్ళు అయిపోయాక జాలర్ల పేట వస్తుంది. దాని పేరు పెంటకట.

పడవలు ఒడ్డుకు వస్తున్నాయి. వలలు దులుపుతున్నారు. ఆడవాళ్ళు గంపలు పట్టుకుని ఇసుకలో కూర్చుని చేపలు ఏరుతున్నారు. వెనక సూర్యుడు ఎర్రగా లేస్తున్నాడు. నిజం చెప్పాలంటే, ఇంతకంటే మంచి ఫొటో దొరకదు అనుకున్నాను. దూరం నుంచి పెద్ద లెన్స్‌తో తియ్యడం మొదలుపెట్టాను. నా కెమెరాలో ఒక ఆవిడ ముఖం నిండుగా వచ్చింది. యాభై ఏళ్ళు ఉంటాయి. చీర మోకాళ్ళ దాకా దోపుకుంది, జుట్టు ఊడిపోయి ముఖం మీద పడుతోంది, చేతులు చేపల రక్తంతో ఉన్నాయి. వరసగా పది, పదిహేను తీశాను.

ఆవిడ నన్ను చూసింది. పక్కావిడతో అంది: "ఇదుగో, ఇదొకత్తి వచ్చినాది. పొద్దు పొడవకముందే మొకాల మీద పడతారు. మనమేటి, బొమ్మలమా?"

తెలుగు! పెంటకటలో ఎక్కువమంది తెలుగువాళ్ళే. ఆంధ్రా తీరం నుంచి తరాల క్రితం వచ్చి పూరీలో స్థిరపడ్డ జాలర్లు. ఒడియావాళ్ళు వాళ్ళను నోలియాలు అంటారు. బీచ్‌లో తెల్లటి కోసు టోపీ పెట్టుకుని, స్నానం చేసేవాళ్ళు మునిగిపోకుండా చెయ్యి పట్టుకునేవాళ్ళు కూడా నోలియాలే. ఇదంతా నాకు తరవాత తెలిసింది. అప్పుడు తెలిసింది ఒక్కటే. నేను తెలుగు నేర్చుకున్నది మా ముత్తాత మాట్లాడిన మాట వినాలని. మా ఇంటి పెద్దవాళ్ళు పాటల్లో పలికే ఆ యాసలోనే ఆ మాట వినిపించింది. కానీ వినిపించింది నన్ను తిట్టడానికి.

నాకు తెలుగు రాకపోతే ఏం జరిగేది? ఆవిడ ఏదో అంది, నవ్వి చెయ్యి ఊపి ముందుకు వెళ్ళిపోయేదాన్ని. హోటల్‌కి వచ్చి ఆ ఫొటో పెట్టి, కింద "సముద్రపు బిడ్డలు" అని ఏదో రాసేదాన్ని. అందరూ బాగుందనేవాళ్ళు. ఆ తిట్టు నా ఒక్కదాని కోసం పుట్టింది కాదు. ప్రతి ఊళ్ళో, ప్రతి బీచ్‌లో, ప్రతిరోజూ ఎవరో ఒకరు కెమెరా పట్టుకున్నవాణ్ణి ఇలాగే తిడుతున్నారు. మనకు వాళ్ళ భాష రాదు కాబట్టి వాళ్ళు ఒప్పుకున్నారు అనుకుంటున్నాం.

సిగ్గు ఎందుకు ఎక్కువైందంటే, నేను అవతలి వైపు కూడా ఉన్నదాన్ని. మారిషస్ బీచ్ పోస్టర్లు మీరు చూసే ఉంటారు. ఆ పోస్టర్లలోని ఇసుక మా ఇంటి నుంచి అరగంట దూరం. కార్తీక పౌర్ణమికి మా దగ్గర గంగా స్నానం అని పెద్ద పండగ. సముద్రమే మాకు గంగ. ఆడవాళ్ళు చీరలతోనే నీళ్ళలోకి దిగి, దీపం పెట్టి, పూలు వదిలి దండం పెడతారు. నాకు పన్నెండేళ్ళప్పుడు మా పిన్ని తడి చీరతో, కళ్ళు మూసుకుని, చేతులు జోడించి నీళ్ళలో నిలబడింది. పది అడుగుల దూరంలో ఒక టూరిస్టు మోకాళ్ళ మీద కూర్చుని వరసగా ఫొటోలు తీశాడు. పిన్ని కళ్ళు తెరిచేసరికి బొటనవేలు ఎత్తి నవ్వాడు. పిన్ని ఏమీ అనలేదు. ఆ తరవాత ఆవిడ పండగకి వస్తుంది కానీ నీళ్ళలోకి దిగదు. ఒడ్డున నిలబడి తల మీద చల్లుకుంటుంది, అంతే. అతను చెడ్డవాడని నేను అనను. మాది అందమైన ఆచారం అనుకుని ఉంటాడు. ఆ అందమైన ఆచారం నుంచి ఒక మనిషిని బయటికి నెట్టాడని అతనికి ఎప్పటికీ తెలియదు.

ఇది చూసి పెరిగిన నేను పూరీలో అదే పని చేశాను. అందుకే ఈ కోపం. ముందు నా మీద, తరవాత మన అందరి మీద.

ఇప్పుడు మీరు చెప్పబోయే సమాధానాలు నాకు తెలుసు. నేనూ అవే చెప్పుకున్నాను.

మొదటిది: "బీచ్ అందరిదీ." నిజమే. మారిషస్‌లో కూడా బీచ్‌లు ప్రజలవి, పెద్ద హోటల్ ముందున్న ఇసుకలో కూడా ఎవరైనా నడవొచ్చు. కానీ ఇసుక అందరిదైతే ఇసుక మీద కూర్చున్నావిడ ముఖం అందరిదీ అయిపోదు. పెంటకట ఒడ్డు మనకు విహారం. వాళ్ళకు అది ఆఫీసు, బజారు, ఇంటి వాకిలి. మీ ఆఫీసులోకి ఎవరో వచ్చి, మీరు చెమటతో పని చేస్తుంటే ముఖానికి అడుగు దూరంలో కెమెరా పెడితే "పరవాలేదు, తీసుకోండి" అంటారా?

ఇంకో సంగతి. అదే పూరీలో జగన్నాథుడి గుడి ఉంది. లోపలికి ఫోను, కెమెరా తీసుకెళ్ళకూడదు. మనందరం బుద్ధిగా బయట ఇచ్చేసి, చీటీ తీసుకుని లోపలికి వెళ్తాం. ఒక్కరు కూడా "నా కళకు అడ్డు" అని గొడవ చెయ్యరు. అదే రోజు సాయంత్రం స్వర్గద్వారం దగ్గర, సముద్రం పక్కనే చితులు కాలుతుంటే, ఏడుస్తున్న కొడుకు ముఖం మీదికి ఫోను ఎత్తేవాళ్ళను చూశాను. అంటే మనకు ఆగడం తెలుసు. వద్దని చెప్పే కాపలావాడు ఉన్నచోట మాత్రమే ఆగుతాం.

రెండోది: "అడిగితే సహజత్వం పోతుంది." మనం సహజత్వం అనేదానికి చాలాసార్లు అసలు పేరు "వాళ్ళకు తెలియకపోవడం". సహజంగా ఉండాలంటే ఇంకో దారి ఉంది. అడగండి, ఒప్పుకుంటే కూర్చోండి, అరగంట ఉండండి. పని ఉన్నవాళ్ళు మీ కెమెరాను త్వరగానే మర్చిపోతారు. చేపలు ఎండలో ఆగవు కదా. మనకు కావలసింది సహజత్వం కాదు. టిఫిన్ టైముకి హోటల్‌కి తిరిగి వెళ్ళడం.

మూడోది: "అడిగితే డబ్బులడుగుతారు." శ్రీలంకలో వెలిగామ, కొగ్గల వైపు సముద్రంలో కర్రలు పాతి, వాటి మీద కూర్చుని గాలం వేసే జాలర్లు ఉన్నారు. 1995లో స్టీవ్ మెక్‌కరీ తీసిన ఫొటో ప్రపంచమంతా తిరిగింది. ఇప్పుడు అక్కడ కర్రల మీద కూర్చునేవాళ్ళలో చాలామంది టూరిస్టుల కోసమే కూర్చుంటారు, ఫొటోకి డబ్బు తీసుకుంటారు. దాన్ని "మోసం" అని తిట్టేవాళ్ళు ఎందరో. నాకు మోసం ఎక్కడో కనబడదు. విమానానికి డబ్బు ఇచ్చాం, హోటల్‌కి ఇచ్చాం, లెన్స్‌కి ఇచ్చాం. ఫొటోలో ఉన్న మనిషి ఒక్కడే ఊరికే రావాలా? ఎండలో కర్ర మీద కూర్చోవడం పనే. పనికి కూలి అడిగితే అది బిచ్చం కాదు. ఇవ్వడం ఇష్టం లేకపోతే ఇవ్వకండి, తియ్యకండి. సముద్రం ఉంది, ఆకాశం ఉంది, వాటికి ఏమీ ఇవ్వక్కర్లేదు.

నాలుగోది కొంచెం గట్టిది: "అడక్కుండా తీసిన ఫొటోలే లోకానికి నిజం చూపించాయి." ఒప్పుకుంటాను. 2019 మే 3న ఫణి తుఫాను పూరీ దగ్గరే తీరం దాటింది. అలాంటి రోజున విలేకరి ప్రతి ముఖానికీ అనుమతి అడుగుతూ కూర్చోలేడు. పోలీసు లాఠీ ఎత్తితే కూడా అడగక్కర్లేదు. రథయాత్ర జనాన్ని తీసినా ఎవరికీ బాధ లేదు. కానీ నేను విలేకరిని కాదు. అక్కడ తుఫానూ లేదు. నేను సెలవులో ఉన్నాను. నా ఫొటో ఏ నిజాన్నీ చూపించదు. నేను పూరీ వెళ్ళానని మాత్రం చూపిస్తుంది.

చివరగా, ఇది మా ఇంటి సంగతి. మారిషస్‌కి ఇండియా నుంచి సుమారు 4,50,000 మంది కూలీలు ఓడల్లో వచ్చారు. వాళ్ళలో తెలుగువాళ్ళను ఇక్కడ కొరింగీలు అనేవాళ్ళు, కోరంగి రేవు పేరు మీద. 1860లలో తెల్లదొరలు కూలీలకు ఫొటోలు తియ్యడం మొదలుపెట్టారు. ఒక నంబరు, ఒక ఫొటో, ఒక టికెట్. టికెట్ చూపించలేనివాణ్ణి తిరుగుబోతని పట్టుకుని జైల్లో పెట్టేవాళ్ళు. ఆ రికార్డులు మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో ఉన్నాయి. మా ముత్తాత తండ్రి ఫొటో నేను అక్కడే చూశాను. ఆయనది మాకున్న ఫొటో అదొక్కటే, అందుకే అది నాకు ప్రాణం. కానీ ఆ కళ్ళు చూడండి. ఆయన ఆ ఫొటో దిగలేదు. ఆయన్ని తీశారు.

టూరిస్టు కెమెరా, ఆ దొరల కెమెరా ఒకటే అని నేను అనను. మనం ఎవరినీ జైల్లో పెట్టం. కానీ ఆ ముఖాల నుంచి పుట్టిన మనం, కెమెరా చేతికి రాగానే అడగడం మర్చిపోతే ఎలా?

పెంటకటకి తిరిగి వస్తాను. నేను కెమెరా దించి ఆవిడ దగ్గరికి వెళ్ళి, "అమ్మా, తప్పయింది. అడగకుండా తీశాను" అన్నాను. ఆవిడ చేతిలో చేప కింద పడింది. "ఓలమ్మో, నీకు తెలుగొచ్చునేటి? ఏ ఊరమ్మా నీది?" చెప్పాను. మారిషస్ ఎక్కడో ఆవిడకు తెలియదు. ఓడలో వెళ్ళిన తెలుగువాళ్ళం అంటే మాత్రం అర్థమైంది. "మా తాతలూ అట్టాగే వచ్చినారు" అంది. తీసినవన్నీ చూపించాను. ఆవిడ ఒక్కొక్కటీ చూసి, "ఇయ్యన్నీ తీసెయ్యి. పిచ్చిదానిలా ఉన్నాను" అంది. ఆవిడ ముందే అన్నీ చెరిపేశాను. అందులో ఒకటి నేను జీవితంలో తీసిన ఫొటోలన్నిటికంటే బాగుంది. అది పోయింది. పోవాలి.

తరవాత ఆవిడే అంది, "ఉండు, ఇప్పుడు తియ్యి" అని. సముద్రంలో చేతులు కడుక్కుంది, చీర సర్దుకుంది, జుట్టు ముడి వేసుకుంది, కోడల్ని పిలిచి పక్కన నిలబెట్టింది. ఇద్దరూ నిటారుగా, నవ్వకుండా, కెమెరా వైపు సూటిగా చూస్తూ నిలబడ్డారు. పోటీకి పంపితే ఈ ఫొటోకి ఏ బహుమతీ రాదు. మర్నాడు ఊళ్ళో స్టూడియోలో రెండు కాపీలు వేయించి ఇచ్చాను. ఇక్కడ ఆ ఫొటో పెట్టడం లేదు, ఎందుకంటే పెట్టొచ్చా అని ఆవిడను అడగలేదు.

మీరు ఈ సెలవుల్లో గోవా వెళ్ళినా, బాలి వెళ్ళినా, మా మారిషస్‌కే వచ్చినా, ముఖం కనబడేలా తీసేముందు అడగండి. భాష రాకపోతే కెమెరా చూపించి కళ్ళతో అడగండి, తల అడ్డంగా ఊపితే ఆగండి. పిల్లల్ని, తడిబట్టల్లో ఉన్నవాళ్ళని, చావు దగ్గర ఉన్నవాళ్ళని అసలు తియ్యకండి. తీసింది వాళ్ళకు చూపించండి. చెరిపెయ్యమంటే చెరిపెయ్యండి. వీలైతే ఒక కాపీ ఇచ్చి రండి.

నా తెలుగులో తప్పులుంటే ఎప్పటిలాగే దిద్దండి, సంతోషిస్తాను. పై విషయంలో తప్పుందంటే మాత్రం వాదనకు సిద్ధంగా ఉన్నాను.