ఆశీళ్ల పాట

ఏటేట ఏప్రిల్ మాసము ప్రవేశించుటకు పూర్వమే పంచాయతీలును, మునిసిపాలిటీలును తమ సంతల ఆశీళ్లను పాటపెట్టుచుండును. హెచ్చుపాటదారునకు వసూలుహక్కు దక్కును. పాటసొమ్ము నిరుటికంటె పెరిగినచో అధికారులు సంతసింతురు. ఆ పెరిగిన సొమ్ము ఎవరి గంపలోనుండి రావలెనో యోచించువారు అరుదు.

కలిదిండి ప్రాంతమున చేపలబుట్టయో కూరగాయలగంపయో నెత్తినిడుకొని సంతకు వచ్చు స్త్రీకి ప్రభుత్వమనగా శాసనసభ కాదు, కలెక్టరు కాదు; ఎదుట నిలిచి డబ్బడుగు పాటదారుని మనిషియే. నిర్ణీతమైన రేటెంతో ఆమె యెఱుగదు. రశీదడిగినచో పైవారము కూర్చుండుటకు చోటు దొరకదేమోయని భయము.

ఇది క్రొత్త పద్ధతి కాదు. 1802లో కుంపిణీవారు పర్మనెంటు సెటిల్మెంటు జరిపి, తమకు రావలసిన పేష్కషును స్థిరపఱచుకొని, రైతునుండి రాబట్టు పనిని జమీందారుల కప్పగించిరి. 1908 నాటి ఎస్టేట్లభూమి చట్టము రైతునకు కొంత రక్షణ యిచ్చెను. 1948 నాటి రద్దుచట్టముగాని ఆ మధ్యవర్తిని తొలగింపలేదు. భూమిని విడిచిన యిజారా సంతను విడువలేదు. పైగా 2021లో రాష్ట్రప్రభుత్వము గనుల సీనరేజి వసూలును సైతము ప్రైవేటువారికి పాటనిచ్చుటకు పూనుకొనెను.

ఉద్యోగులచే వసూలుచేయించుట వ్యయమనియు, పాటవలన నికరమైన సొమ్ము చేరుననియు కొందఱందురు. నిజమే. ఉద్యోగి వచ్చినంతమాత్రమున లంచము మాయమగునని మేమును అనము. కాని ఉద్యోగిపై విచారణ కలదు, అతనికి జీతము కలదు. పాటదారుడో, పాటసొమ్మును, మనుష్యుల కూలిని, తన లాభమును ఒక్కయేటిలోనే రాబట్టుకొనవలెను. పాట పెరిగినకొలది పిడికిలి బిగియును. ఇది వ్యక్తిదోషము కాదు, పద్ధతిదోషము.

చట్టాధికారము లేక ఏ పన్నును విధింపరాదు, వసూలుచేయరాదు అని రాజ్యాంగము 265వ అధికరణమున శాసించుచున్నది. సంతరుసుమునకును అదియే న్యాయము. నిర్ణీతమైన రేటుకు మించి తీసికొనిన ప్రతిరూపాయియు అక్రమమే. కావున స్థానికసంఘములు తామే వసూలుచేయుటకు సిద్ధపడవలెను. అందాక రేట్లపలక, అచ్చురశీదు లేనిచోట వసూలును నిలిపివేయవలెను.

పఠనమందిరములలో ఈ పత్రిక చదువు యువకులారా! 2005 నాటి సమాచారహక్కు చట్టము క్రింద మీ సంత పాటషరతులను, రేట్లను వ్రాతమూలకముగా అడుగుడు. రాబోవు సంతనాడు ఇరువురు ముగ్గురు నిలిచి, చదువురానివారికి వానిని చదివి వినిపింపుడు. ఆ గంపల స్త్రీలలో ఒక్కతె నిర్భయముగా రశీదడిగిననాడు ఆ సంతకు స్వరాజ్యము వచ్చినట్లు.