బొగ్గుపొడి రాలే చోటే గాలిని కొలవాలి: విశాఖ పాతనగర వాసుల ప్రణాళిక

విశాఖ గాలిని ఏ ఏ చోట్ల కొలవాలో తేల్చడానికి అధికారులు ఒక సమావేశం పెట్టారు. రేవు పక్కనున్న కోటవీధి, పూర్ణా మార్కెట్, జ్ఞానాపురం, కాన్వెంట్ జంక్షన్ వైపు నుంచి ఒక్కరినీ పిలవలేదు. సంగతి తెలిసి వెళ్లినవాళ్లను, ఇది సాంకేతిక విషయం, మీకెందుకని గుమ్మంలోనే ఆపేశారు. పొద్దున తుడిచిన కిటికీ చెక్క మీద సాయంత్రానికి వేలితో పేరు రాసేంత నల్లపొడి పేరుకునే ఇళ్లు మావి. దండెం మీది తెల్ల చొక్కా మడతల్లో అదే పొడి, నీళ్ల డ్రమ్ము మూత మీదా అదే. ఆ పొడి గురించి మాకు అర్థం కానిదేమిటో వాళ్లే చెప్పాలి. ఈ ప్రణాళిక ఆ అవమానంలోంచే పుట్టిందని ఒప్పుకోవడానికి మాకు సంకోచం లేదు.

చట్టానికి లోటు లేదు. 1981 నుంచి వాయు చట్టం ఉంది. 2009 ప్రమాణాల ప్రకారం ఘనమీటరు గాలిలో పీఎం10 అనే సన్నధూళి రోజు సగటున 100 మైక్రోగ్రాములు, ఇంకా సన్నటి పీఎం2.5 అయితే 60 దాటకూడదు. లోటల్లా కొలిచే చోటులో ఉంది. దేశపు గాలి నాణ్యత సూచీ (ఏక్యూఐ) పట్టికలో విశాఖ పేరు పక్కన ఏళ్ల తరబడి కనిపించింది రామ్‌నగర్ కేంద్రపు అంకె. ఉత్తరాన కైలాసగిరి, దక్షిణాన యారాడ కొండలు కాపు కాసిన ఈ గిన్నెలాంటి ఊళ్లో ఒక పేట గాలి ఇంకో పేటకు సాక్ష్యం కాదు. నైరుతి గాలి వీచినప్పుడు రేవులోని బొగ్గు, ఖనిజం గుట్టల మీది పొడి ముందు మా డాబాల మీదకే వస్తుంది. బరువైన రేణువులు దగ్గరలోనే రాలిపోతాయి కాబట్టి దూరాన ఉన్న యంత్రానికి అవి అందవు. పైగా నాలుగు గంటల పాటు గాలి నల్లబడినా, మిగతా ఇరవై గంటలతో కలిపి సగటు తీస్తే కాగితం మీద ఆ రోజు మామూలు రోజైపోతుంది. చేత్తో ఫిల్టరు మార్చే కేంద్రాల్లో వారానికి రెండు రోజుల చొప్పున ఏడాదికి 104 కొలతలుంటే వార్షిక సగటుకు చాలని నిబంధన. తక్కిన 261 రోజులు మేం పీల్చింది ఏ లెక్కలోకి వస్తుంది?

ఊరి గాలికి వేసే ఆ అంకె వెనక డబ్బు కూడా ఉంది. పది లక్షల జనాభా దాటిన నగరాలకిచ్చే గ్రాంట్లలో కొంత భాగాన్ని 15వ ఆర్థిక సంఘం గాలి మెరుగుదలతో ముడిపెట్టింది. ఆ నగరాల్లో విశాఖ కూడా చేరింది. అంకె తగ్గితే నిధులొచ్చే ఏర్పాటులో, అంకె ఎక్కడ పుట్టాలో నిర్ణయించే అధికారం నిధులు తీసుకునేవాళ్ల చేతిలోనే ఉండకూడదు. అందుకే మా ముఖ్యమైన కోరిక ఒక్కటే: కేంద్రాల స్థలాలు ఖరారు చేసే కమిటీలో సగం మంది ఆ గాలి పీల్చే పేటల వాళ్లుండాలి. యంత్రాల జాగా ఏ ఆఫీసు ప్రహరీలో ఖాళీ ఉందో చూసి కాదు, పొడి ఎక్కడ రాలుతోందో చూసి ఎంచాలి. గంట గంటకూ వచ్చే అంకెలు సగటు తీయకముందే జనానికి అందాలి. ఏం కొలవాలన్నదీ మారాలి. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలోని వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి లీకైన స్టైరీన్ వాయువు పది మందికి పైగా బలి తీసుకుంది. దేశ ప్రమాణాల్లోని పన్నెండు కాలుష్య కారకాల్లో స్టైరీన్ లేదు. వెతకనిది దొరకదు, దొరకనిది రికార్డులో ఉండదు. ఇకనుంచి ఈ జిల్లాలో ఏ ఫ్యాక్టరీ పక్కన ఏ పేట ఉందో, ఆ ఫ్యాక్టరీలో ఏముందో చూసి కొలత మొదలవ్వాలి. వార్డు కార్యాలయం గోడ మీద రేషన్ జాబితా ఎంత సహజమో, ఆ వీధి గాలి లెక్క కూడా అంత సహజం కావాలి.

సముద్రపు ఊరు కదా, పీఎం10లో ఉప్పు కూడా ఉంటుందంటారు. ఉంటుంది. కానీ ఉప్పు నల్లగా ఉండదు. ఫిల్టరు కాగితాన్ని ప్రయోగశాలకు పంపితే కార్బన్ ఎంతో, సోడియం ఎంతో విడివిడిగా తేలుతుంది. ఆ పరీక్ష చేయించమనే మేమూ అడుగుతున్నాం. వీధివీధినా పెట్టాలని మేం అడిగే చవక సెన్సర్లు తేమలో ధూళిని ఎక్కువ చూపిస్తాయన్న అభ్యంతరంలో నిజముంది. వాటిని ముందు ప్రామాణిక యంత్రం పక్కన పెట్టి సరిచూసి, ఆ తర్వాతే వీధుల్లో పెట్టాలి. పొడి ఎక్కడుందో సెన్సరు చూపితే చాలు, కేసుకు నిలబడే కొలత పెద్ద యంత్రం ఇస్తుంది. రేవు మీద వేలమంది బతుకుతున్నారన్న మాట మాకు చెప్పనక్కర్లేదు, వాళ్లలో మా ఇళ్లవాళ్లూ ఉన్నారు. మేం రేవు మూయమనడం లేదు. గుట్టల మీద కప్పు, మూసిన కన్వేయర్లు, టార్పాలిన్ కట్టిన లారీలు, గాలి ఉద్ధృతంగా ఉన్న గంటల్లో బొగ్గు దించడం ఆపడం, ఇవే అడుగుతున్నాం. వీటికోసం ఎవరి కూలీ పోనక్కర్లేదు. ఇవి నిజంగా పని చేస్తున్నాయో లేదో తేలాలన్నా కొలత మా దగ్గరే జరగాలి.

పొడి మా ఇంట్లో, అంకె వాళ్ల చేతిలో: ఇది చెల్లదు. మమ్మల్ని బయట నిలబెట్టి గీసిన స్థలాల జాబితాను మేం గుర్తించం. మమ్మల్ని కూర్చోబెట్టి ఆ జాబితాను మళ్లీ రాసేదాకా, గాలి బాగుపడిందని వచ్చే ఏ ప్రకటననూ ఒప్పుకోం.