రాక్షసి బల్లులు చేతకానివి కావు

"డైనోసార్లు ఎందుకు నశించాయి?" అని పరీక్షలో అడిగితే మీలో చాలామంది ఏమి రాస్తారో నేను చెప్పగలను. "వాటి శరీరం పెద్దది, మెదడు చిన్నది. అందువల్ల మారిన పరిస్థితులకు తట్టుకోలేక నశించాయి." మా చిన్నతనంలో మేమూ అలాగే రాశాం. మార్కులు కూడా పడ్డాయి. ఆ మార్కులు మాకు పడకుండా ఉండవలసిందని ఇప్పుడు అనిపిస్తోంది.

తప్పు పేరులోనే మొదలైంది. 1842లో రిచర్డ్ ఓవెన్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు గ్రీకు మాటలు కలిపి "భయంకరమైన పెద్ద బల్లి" అనే అర్థంలో డైనోసార్ అని పేరు పెట్టాడు. మనం దాన్ని రాక్షసి బల్లి అన్నాం. కాని గోడ మీద బల్లిని ఒకసారి చూడండి. దాని కాళ్లు పక్కలకు చాచి ఉంటాయి. డైనోసార్ కాళ్లు ఏనుగు కాళ్లలా శరీరం కిందికి నిటారుగా దిగి ఉండేవి. ఇక రాక్షసత్వం సంగతి. హైదరాబాదులో నౌబత్ పహాడ్ మీద బిర్లా సైన్స్ సెంటర్‌లో కోటసారస్ అస్థిపంజరం ఉంది. అప్పటి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన ఎముకలవి. 1988లో పి. యాదగిరి అనే శాస్త్రజ్ఞుడు దానికి ఆ పేరు పెట్టాడు. అంత పెద్ద జంతువు తిన్నది ఆకులూ అలములూ మాత్రమే! కోడి కంటే ఎంతో పెద్దవి కాని డైనోసార్లు కూడా ఉండేవి. వాటిని ఏ రాక్షసులనాలి?

చేతకాని జీవులు ఎంతకాలం బతుకుతాయి? డైనోసార్లు సుమారు 23 కోట్ల సంవత్సరాల క్రితం కనిపించి, 6 కోట్ల 60 లక్షల సంవత్సరాల క్రితం దాకా ఉన్నాయి. అంటే 16 కోట్ల సంవత్సరాలకు పైమాట. మన మనుష్యజాతి పుట్టి సుమారు 3 లక్షల సంవత్సరాలు. వాటి కాలాన్ని ఒక సంవత్సరం అనుకుంటే, మనం భూమి మీదికి వచ్చి 16 గంటలయింది. కావాలంటే లెక్క వేసుకోండి. ఇంకొక విచిత్రం కూడా చూడండి. మన కోటసారస్ చివరి డైనోసార్లను చూడనే లేదు. రెంటికీ మధ్య పదికోట్ల సంవత్సరాలకు మించిన ఎడం ఉంది. ఆ చివరి డైనోసార్లకు కోటసారస్ కంటే మనమే దగ్గరివాళ్లం!

మరి అంతకాలం బతికినవి ఎందుకు పోయాయి? 1980లో లూయీ అల్వారెజ్, ఆయన కుమారుడు వాల్టర్, మరి ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒక సంగతి బయటపెట్టారు. ఇటలీలోని గుబ్బియో దగ్గర, సరిగ్గా ఆ కాలానికి చెందిన పలుచటి మట్టిపొరలో ఇరిడియం అనే లోహం మామూలుకంటే 30 రెట్లు ఉంది. భూమి పైపొరలో అరుదైన ఆ లోహం, అంతరిక్షం నుంచి వచ్చి పడే రాళ్లలో ఎక్కువ. అంత ఇరిడియం చల్లాలంటే సుమారు 10 కిలోమీటర్ల గ్రహశకలం ఢీకొని ఉండాలని వాళ్లు లెక్క కట్టారు. చాలామంది నమ్మలేదు. 1991లో మెక్సికోలోని చిక్సులూబ్ దగ్గర భూగర్భంలో పూడుకుపోయిన గుంటను ఆ దెబ్బకు గుర్తుగా చూపించారు. దాని వెడల్పు దాదాపు 180 కిలోమీటర్లు.

దెబ్బ తగిలిన చోట ఏమయిందో ఊహించడం తేలికే. అసలు ముప్పు ఆ తరువాత వచ్చింది. ధూళి, మసి, గంధకపు పొగలు ఆకాశమంతా కమ్మాయి. ఎండ లేదు. ఎండ లేకపోతే ఆకులో ఆహారం తయారుకాదని మీకు తెలుసు. ఆకులు తినేవి పస్తు, వాటిని తినేవి పస్తు. సముద్రంలోనూ అంతే. మొత్తం మీద జీవజాతుల్లో మూడు వంతులు పోయాయి. నేల మీద 25 కిలోలకు మించిన జంతువుల్లో, కొన్ని మొసళ్లు తప్ప, దాదాపు ఏదీ మిగలలేదు.

మన దక్కను లావాకు కూడా ఇందులో పాత్ర ఉందనే శాస్త్రజ్ఞులున్నారు. ఆ రోజుల్లోనే పశ్చిమ భారతంలో నేల పగిలి, లావా పొరలు పొరలుగా పరుచుకుంది. అది వెయ్యి కిలోమీటర్లు నడిచి రాజమండ్రి దాకా వచ్చిందంటారు. కాతేరు దగ్గరి నల్లరాయి అదే. ఏ దెబ్బ పాలు ఎంత అన్న వాదం తెగలేదు. నాకు మాత్రం గ్రహశకలం వైపే మొగ్గు. అంతకు ముందే డైనోసార్ల రకాలు తగ్గుతున్నాయనే వాళ్లూ ఉన్నారు. కాని మధ్యప్రదేశ్‌లోని ధార్ జిల్లాలో, లావా కాలానికి దగ్గరి రాళ్లలోనే 92 గూళ్లు, 256 గుడ్లు దొరికాయని 2023లో ప్రకటించారు. అది చావుకు సిద్ధమైన జాతి లక్షణమా?

"మరి చిన్న జంతువులు తెలివైనవి కాబట్టే మిగిలాయిగా?" అని మీరు అడగవచ్చు. వికారాబాద్ వైపు నస్కల్ అనే ఊరుంది. అక్కడ లావా పొరల మధ్యనున్న మట్టిలో, ఎలుకంత జంతువు పళ్లు దొరికాయి. గుంటుపల్లి ప్రసాద్, అశోక్ సాహ్ని 1988లో వాటిని లోకానికి చూపించి, ఆ జంతువుకు డెక్కనోలెస్టెస్ అని పేరు పెట్టారు. డైనోసార్ల చివరి యుగమైన క్రెటేషియస్ కాలంలో మన దేశంలో బతికిన క్షీరదం దొరకడం అదే మొదలు. అటువంటి చిన్న ప్రాణులకు కొద్దిపాటి తిండి చాలు. కొన్ని పురుగులతో, కొన్ని రాలిన గింజలతో రోజులు గడుపుతాయి. కన్నాల్లో దాగుతాయి. అయితే గ్రహశకలం వస్తుందని అవి చిన్నవిగా ఉండలేదు! కోట్ల సంవత్సరాలుగా అంతే ఉన్నాయి. అలా ఉండీ క్షీరదాల్లో చాలా రకాలు ఆ దెబ్బకు పోయాయి. ఇందులో తెలివికి దక్కిన బహుమతి ఎక్కడుంది?

డైనోసార్లు పూర్తిగా పోయాయనడమూ పొరపాటే. చైనాలో 1996 నుంచి ఈకలున్న డైనోసార్ల శిలాజాలు ఒకదాని వెంట ఒకటి దొరికాయి. మీ పెరట్లో కోడి కాళ్ల మీది పొలుసులు చూడండి. అది డైనోసార్ల వంశమే. ఇవాళ పక్షి జాతులు పదివేలకు పైన. క్షీరదాలు ఆరువేల పైచిలుకు.

ఆ వంశంలోనే రాబందు ఒకటి. మీ తాతగారిని అడగండి, ఊరి బయట పశువు చస్తే ఎన్ని వాలేవో చెబుతారు. 1990ల నుంచి అవి రాలిపోయాయి. పశువులకు నొప్పి తగ్గడానికి ఇచ్చే డైక్లోఫెనాక్ మందు కళేబరాల్లో మిగిలి, వాటి మూత్రపిండాలను పాడు చేసిందని 2004లో తేలింది. 2006లో ప్రభుత్వం పశువులకు ఆ మందు వాడకాన్ని నిషేధించింది. అప్పటికే తెల్లవీపు రాబందులు వెయ్యిలో ఒకటో రెండో మిగిలాయి. వీటి గురించి కూడా "మారిన పరిస్థితులకు తట్టుకోలేక నశించాయి" అని ఒక్క ముక్కలో రాసేస్తే, మందు సంగతి ఎవరికి తెలుస్తుంది?

అందుకే ఈసారి ఆ ప్రశ్న వస్తే చిన్న మెదడు మాట రాయకండి. ఇరిడియం సంగతి రాయండి, ఆగిపోయిన ఎండ సంగతి రాయండి. మాష్టారు ఒక మార్కు తగ్గిస్తే, నస్కల్ ఎక్కడుందో తెలుసా అని ఆయన్నే అడగండి.